వేసవి వైపు

"టోపీ! మంచం మీద టోపీ! నా చావు చూడాలనుందా నీకు?" ఫిలొమేన కెవ్వుమంది.

రొక్కో గబుక్కున టోపీ తీసి కుర్చీకి తగిలించాడు. ఇటలీలో, అందులోనూ బెనెవెంతో ఊళ్ళో, మంచం మీద టోపీ పెట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో మూడిందన్నమాటే.

"అలవాటు తప్పింది," అని గొణిగాడు.

"తప్పుతుంది, తప్పుతుంది. ముందు ఆ మూల పట్టుకో. కొట్టువాళ్ళ బండి వచ్చేస్తుంది."

గొడవంతా ఆ బండి గురించే. పరుపుకి ఒక వైపు ఉన్ని, రెండో వైపు నూలు. చలికాలమంతా ఉన్ని మీద పడుకుని, ఎండలు ముదరగానే తిరగేసి నూలు వైపు పైకి తెచ్చుకోవాలి. ఊళ్ళో అందరూ చేసేదే. కానీ ఇది పెళ్ళినాటి పరుపు, దున్నపోతంత బరువు. కిందటి అక్టోబరులో దీన్ని తిప్పబోయి రొక్కో నడుం పట్టేసింది. పరుపు మర్నాటిదాకా సగం మంచం మీదా సగం నేల మీదా ఉండిపోయింది. ఆ రాత్రి సోఫాలో ముడుచుకుని పడుకున్న ఫిలొమేనకి మెడ పట్టేసింది. దాంతో విసిగిపోయి, ఈసారి తిప్పే పనే లేని స్పాంజి పరుపొకటి కొట్లో చెప్పి వచ్చింది.

"బండి వచ్చేలోగా తిప్పావా, ఇది ఉంటుంది. లేదా, దీన్ని వాళ్ళే పట్టుకుపోతారు," అని పొద్దున్నే తెగేసి చెప్పింది కూడా.

ఆ మాట విన్నప్పటినుంచీ రొక్కోకి కాలూ చెయ్యీ ఆడటం లేదు. పాత పరుపు మీద ఇంత మమకారమేమిటో అని ఫిలొమేన మూతి తిప్పుకుంది.

"స్పాంజి మీద పడుకుంటే వీపు ఉడికిపోతుంది తెలుసా?" అన్నాడు అంచు పైకెత్తుతూ.

"ఉడికేది నా వీపులే. నువ్వెత్తు."

"ఎత్తుతున్నాగా!"

"నువ్వు ఎత్తడం లేదు. పట్టుకుని వేలాడుతున్నావు!"

పరుపు నిట్టనిలువునా లేచింది. ఎటు పడాలా అని కాసేపు ఊగింది. రొక్కో వైపే పడింది. గోడ మీది మరియమ్మ పటం పక్కకి ఒరిగింది. రొక్కో ఎక్కడా కనబడలేదు.

"రొక్కో! ఉన్నావా?"

"ఉన్నాను," పరుపు కింద నుంచి గొంతు వచ్చింది. "చీకటిగా ఉంది."

ఫిలొమేనకి నవ్వు ఆగలేదు. సాయం చేద్దామని వంగింది గానీ, నవ్వలేక నవ్వలేక పొట్ట పట్టుకుని నేల మీదే చతికిలబడింది. అంతలో కింది ఇంటి ఇమ్మకొలాత చీపురుకర్రతో తన ఇంటి కప్పుని దబదబా పొడిచింది. ఆ తర్వాత బాల్కనీలోకి వచ్చి పైకి చూసి అరిచింది.

"ఏమే ఫిలొమేనా! వేసవి వచ్చేసిందా?"

"వచ్చేసిందక్కా! ఒక్క పది నిమిషాలు ఓర్చుకో!"

"ఓర్చుకుంటాలే! మీ ఇద్దరి అరుపులూ వినబడితే గానీ నేను ఉన్ని దుప్పట్లు లోపల పెట్టను!"

రొక్కో పాక్కుంటూ బయటికొచ్చాడు. చెయ్యి నడుం మీద ఉంది.

"నడుమేనా?"

"కాదు."

"నడుమే. మొహం చూస్తే తెలియట్లేదా? పోనీ వదిలెయ్యి రొక్కో. వాళ్ళొచ్చి తీసుకుపోతారు."

"వదలను."

అంత గట్టిగా అంటాడని ఆమె అనుకోలేదు. వెళ్ళి రెండో మూల పట్టుకుంది. ఈసారి పరుపుని ముందు నేలకి జార్చి, గోడకి ఆనించి నిలబెట్టారు. ఆమె వీపుతో నెట్టింది, అతను ఎదురు పట్టాడు. ధబ్బుమని మంచం మీద పడింది. నూలు వైపు పైకొచ్చింది.

"అమ్మయ్య!" అన్నాడు రొక్కో.

"అప్పుడే ఏమైంది? ఇటు చూడు, నా వైపంతా గుంట. నీ వైపు నిన్న కొన్నట్టుంది. తలవైపు కాళ్ళవైపుకి తిప్పాలి."

"నీ అంత ఆరోగ్యం నాకు లేదు మరి."

తలగడ వచ్చి అతని మొహానికి తగిలింది. అయినా తిప్పారు. అది కాస్త తేలిగ్గానే అయింది.

వంటింట్లో ఫిలొమేన కాఫీ పెట్టింది. అతని కప్పులో రెండు చెంచాల చక్కెర వేసి కలిపి ముందు పెట్టింది.

"చక్కెర మానేశాను," అన్నాడు రొక్కో.

"మానేశావా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా."

ఆమె ఆ కప్పు తను తీసుకుని, తన చేదు కాఫీ అతని వైపు జరిపింది. ఇంతలో కింద హారన్ మోగింది. రొక్కో కప్పు నోటిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఫిలొమేన బాల్కనీలోకి నడిచింది.

"అమ్మా! పరుపు మీకేనా?" కింది నుంచి ఎవరో అరిచారు.

"వద్దు బాబూ, పట్టుకుపొండి! మా పరుపుకేం, నిక్షేపంలా ఉంది. తిప్పే మనిషి ఉన్నాడు!"

బండివాళ్ళు సణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆమె లోపలికొచ్చేసరికి రొక్కో కాఫీ అయిపోయింది. మొహం వెలిగిపోతోంది.

"ఏంటా నవ్వు?"

"నవ్వలేదే."

"అక్టోబరు దాకా ఇలాగే వదిలేస్తే ఆ వైపూ గుంట పడుతుంది. మధ్యలో ఆగస్టులో కూడా ఒకసారి తిప్పాలి."

"ఆగస్టులోనా? ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నాను. చాలదా?"

"చాలు, చాలు," అన్నాడు రొక్కో.

టోపీ పెట్టుకుని, ఒక చేత్తో నడుం పట్టుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. ఫిలొమేన కొత్త దుప్పటి పరిచి, తన తలగడ సర్దుకుంది.

వాళ్ళిద్దరికీ విడాకులై పదకొండేళ్ళు.