వచ్చిపోయేవాళ్ళ లెక్క

ప్రింటర్ చప్పుడు వింటే చాలు, జయరామ్‌కి కడుపు మండిపోయేది.

రోజూ ఉదయం పదింటికి అందులోంచి ఒక కాగితం వచ్చేది. చక్రధర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ప్రసాదం పళ్ళెం తెచ్చినట్టు తెచ్చి యజమానురాలు పంకజాక్షమ్మ బల్ల మీద పెట్టేవాడు. నిన్న ఆన్‌లైన్ అంగడికి ఎంతమంది వచ్చారు, ఏ ఊళ్ళ నుంచి వచ్చారు, ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగారు, అన్నీ అందులో ఉండేవి.

“పద్దెనిమిది వందల మందంట జయరామా!” అనేది ఆమె కళ్ళజోడు సర్దుకుంటూ. “మన చిత్తూరు అంగట్లోకి పండగ రోజు కూడా ఇంతమంది రారు కదప్పా!”

జయరామ్ నవ్వేవాడు. ఆ నవ్వు తెచ్చుకోవడానికి ఎంత అవస్థ పడేవాడో అతనికే తెలుసు.

అసలు పంకజాక్షమ్మ ఊరగాయల్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించిందే అతను. రెండువేల మూడులో, ఎవరూ నేర్పకుండా, బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని నేర్చుకుని మరీ ఆన్‌లైన్ అంగడి కట్టాడు. కంప్యూటర్లో ఊరగాయలు అమ్ముతాడంట అని నవ్వనివాళ్ళు లేరు. అయినా ఐదేళ్ళు ఒంటిచేత్తో నడిపాడు. కానీ రోజుకు ఎంతమంది వస్తున్నారో ఎన్నడూ లెక్క పెట్టలేదు. లెక్క పెట్టొచ్చని తెలిస్తే కదా!

ఈ ఏడు పంకజాక్షమ్మకు అంగడిని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలన్న బుద్ధి పుట్టింది. ఆ పనికి మద్రాసులో కోర్సు చేసొచ్చిన చక్రధర్‌ని పెట్టుకుంది. అతను కొత్త అంగడి కట్టి, దానికి పొట్టిగా కొత్త పేరు పెట్టాడు. వచ్చిపోయేవాళ్ళను లెక్కపెట్టే కోడు కూడా సిద్ధం చేశాడు. తీరా చూస్తే ముహూర్తం పెట్టే అయ్యవారు, ఆషాఢం పోనిమ్మన్నాడు. ముహూర్తం లేనిదే పంకజాక్షమ్మ తలుపు తెరవదు. ఊరికే కూర్చోలేని చక్రధర్, రిపోర్టు సక్రమంగా వస్తోందో లేదో ఆ నెలంతా పరీక్షించి చూసుకున్నాడు. శ్రావణ శుక్రవారం కంప్యూటర్‌కి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి కొత్త అంగడి తెరిచారు.

పాతదాన్ని మాత్రం వెంటనే మూయలేదు. “ఉండనీలే అబ్బా, పాత బాట పట్టి ఎవురన్నా వస్తే వస్తారు” అంది పంకజాక్షమ్మ. ఆర్డర్లు రెండింటి నుంచీ ఒకే మెయిలుకు చేరేటట్టు పెట్టారు.

దీపావళికి ఇద్దరిలో ఒకర్ని ఆన్‌లైన్ వ్యాపారం మొత్తానికి మేనేజర్‌గా పెడతానని ఆమె చెప్పింది. మిగిలినతను జాడీలు ప్యాక్ చేసే గదికి పోవాలి. అలాంటి కుర్చీ ఎప్పటికైనా తనదేనని జయరామ్ ఐదేళ్ళుగా నమ్ముకుని ఉన్నాడు. ఇప్పుడు ఆ కాగితాలు ఒక్కొక్కటీ దాన్ని చక్రధర్ వైపు జరుపుతున్నాయి.

పోనీ చక్రధర్ పొగరుబోతా అంటే, కాదు. అదే ఇంకా బాధ.

“అన్నా, ఇట్ల సూడన్నా! ఊరగాయ జాడీ ఎట్ల దాసుకోవాలో సెప్పే పేజీ ఉండాదే, జనం దాన్ని ఏడు నిమిషాలు సదవతా ఉండారు!”

ఆ పేజీలో మాటలు జయరామ్ వాళ్ళమ్మ తిరుమలమ్మవి. తడి గరిటె పెట్టొద్దని, ముక్క మీద నూనె తేలుతూ ఉండాలని ఆమె చెబుతుంటే పక్కన కూర్చుని రాసుకున్నాడు. చక్రధర్ వాటిని ఉన్నదున్నట్టు ఎత్తి కొత్త అంగట్లోనూ పెట్టుకున్నాడు. మాటలు తనవి, మెప్పు వాడిది. అసూయ ఇంత చేదుగా ఉంటుందని జయరామ్‌కి అంతకుముందు తెలియదు. అన్నం కూడా సహించడం మానేసింది.

దీపావళి వారం ఉందనగా, పంకజాక్షమ్మ రిపోర్టులోంచి తలెత్తింది.

“నీ కాలంలో ఎప్పుడన్నా ఇంతమంది వచ్చినారా జయరామా?”

నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఎగతాళి చేసినా అంత మండేది కాదు. చెబుదామంటే అతని దగ్గర ఒక్క అంకె కూడా లేదు.

“రాలేదమ్మా.”

“అయితే కుర్చీ ఆ పిల్లోనికే ఇద్దామా? ఏమంటావు?”

“మీ ఇష్టమమ్మా.”

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక జయరామ్ తన పాత అంగడిని తెరిచాడు. మనిషి అడుగుపెట్టని ఈ కొంప ఇంకా ఎవరి కోసం? వాడి వైభవం ముందు దిష్టిబొమ్మలా నిలబెట్టడానికా? ఒక్కో పేజీ తుడిచేస్తూ పోయాడు. వాళ్ళమ్మ మాటల దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దాన్నీ తుడిచేశాడు. సొరుగులో భద్రంగా దాచుకున్న కాపీ సీడీని రెండు ముక్కలుగా విరిచాడు. మనసు తేలికపడుతుందనుకున్నాడు గానీ, పడలేదు.

మరునాడు ఆదివారం, సెలవు. సోమవారం పదింటికి ప్రింటర్ చప్పుడైంది. చక్రధర్ కాగితం అందుకున్నాడు గానీ లేచి పంకజాక్షమ్మ గదిలోకి పోలేదు. జయరామ్ వెనక నుంచి తొంగిచూశాడు.

వచ్చినవాళ్ళు: సున్నా.

జయరామ్ మనసు గంతులేసింది. ఏ దేవుడో తన మొర విన్నాడు! పైకి మాత్రం ఎంతో జాలిగా, “ఏమైందప్పా?” అన్నాడు.

చక్రధర్ కంప్యూటర్ ముందుకు జరిగాడు. కొత్త అంగడి పేజీల వెనకున్న రాతలన్నీ తెరిచి, ఒక్కో వరుసే వేలు పెట్టి వెతికాడు. చివరికి వచ్చేసరికి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“అన్నా, పాత అంగడిని ఏమన్నా సేసినావా?”

“మొన్న తుడిచేసినా. ఏంటికి?”

“కాపీ యాడన్నా ఉండాదా?”

“లేదు. దాంతో ఇంకేం పనిలే.”

చక్రధర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

“పరీచ్చకని పాతదాంట్లో పెట్టిన కోడును కొత్తదాంట్లోకి మార్సడం మర్సేపోయినా అన్నా, ఇన్నాళ్ళూ ఆ కాగితాల్లో లెక్కకొచ్చిన జనమంతా నీ అంగడికి వచ్చినోళ్ళే!”