అమ్మ వేషం

“పో, మళ్లీ ఈ గుమ్మం తొక్కకు” అనే ఒక్క మాట పన్నెండోసారి కూడా వెర్నాకు సరిగ్గా రాలేదు.

అమెరికాలో టెనెసీ కొండల్లో ఊరూరా పాడి, గొంతు అలిసిపోయాక సినిమాల్లోకి వచ్చిందామె. ఇప్పుడు ఆమె కథే తీస్తున్నారు. గిటారుతో ఇల్లు వదిలే పదిహేడేళ్ల వెర్నాగా ఎవరో కొత్తమ్మాయి. వెర్నాది అమ్మ వేషం.

“వెర్నమ్మా, ఇంకాస్త కోపం కావాలి. మీ పాటల నిండా మీ అమ్మ కోపమేగా!” అన్నాడు దర్శకుడు కర్టిస్.

“నాకు చెప్తావేంటయ్యా? ఆ మాట పడ్డదాన్ని నేనే,” అంది వెర్నా నడుం పట్టుకుని.

మళ్లీ కెమెరా తిరిగింది. గుమ్మంలో నిలబడ్డ పిల్లని చూస్తే వెర్నాకు నోరు పెగల్లేదు. గభాల్న వెనక్కి తిరిగి, మొక్కజొన్న రొట్టె చేసిన పెనం తోముతూ ఆ మాట అనేసింది. కళ్లు నిండిపోయాయి.

“కట్! అటెందుకు తిరిగారు? మొహం కనపడాలి కదా!”

వెర్నా పెనం పక్కన పెట్టింది.

“ఆ రోజు మా అమ్మ కూడా ఇలాగే తిరిగింది కర్టిస్,” అంది. “నా మొహం చూడ్డం ఇష్టం లేక అనుకున్నాను, ఇన్నేళ్లూ.”