నాలుగో ఊ

మొదలుపెట్టిన రోజు ఉడుత దగ్గర ఉన్నవి నూట ఇరవై టేకాకులు, ముగ్గురు స్నేహితులు. రోజుకు మూడాకులు రాస్తే నలభై రోజుల్లో నవల పూర్తవుతుందని లెక్క వేసుకుంది.

సాయంత్రం చెట్టు కింద అది చదువుతుంటే తాబేలు, ముంగిస, కొంగ ఊ కొట్టేవి. అరవయ్యో ఆకు దగ్గర కథ ఆగిపోయింది. పది రోజులైనా ఒక్క వాక్యం కదల్లేదు.

"నావల్ల కాదు. అన్నీ చెరువులో పారేస్తాను" అంది ఉడుత.

"సగం రాసేశావు కదే! ఆఖరి ఆకు మళ్లీ చదువు, ఎక్కడ చిక్కుపడిందో చూద్దాం" అంది ముంగిస.

ఉడుత చదువుతూ ఈసారి ఊలు లెక్కపెట్టింది. మూడు రావాలి. నాలుగు వచ్చాయి.

"ఎవరది?"

"పైన తొర్రలోంచి. మొదటి రోజు నుంచీ వస్తోంది" అంది తాబేలు మెల్లగా. "భయపడి రాయడం మానేస్తావని చెప్పలేదమ్మా."

ఆ తొర్ర ఏళ్లుగా ఖాళీ. ఉడుత చివరి వాక్యం చదివింది. "గుడ్డి గుడ్లగూబ గుంటలో పడి చచ్చిపోయింది."

స్నేహితులు ఊ కొట్టారు. తొర్ర కొట్టలేదు.

"నేను చావలేదే" అంది లోపలి గొంతు.



"వెళ్లి తర్వాత ఏమైందో అడుగు. కింద మేమున్నాం" అంది కొంగ.

ఉడుత ఆ వాక్యం కొట్టేసింది. కొత్త ఆకు నోట కరుచుకుని, తొర్ర వైపు తలెత్తి, చెట్టు మానుపై కాలు మోపింది.