నడిచే రోడ్లు

"మీసం ఇంకింత లావు పెట్టు," అన్నాడు దశరథం.

అజయ్ మౌస్ కదిపాడు. తెర మీది కుర్రాడి మీసం లావైంది. ఇంకోసారి నొక్కితే పొట్ట వచ్చింది. మరోసారి నొక్కితే నెత్తి మీద జుట్టు సగం పోయింది.

"ఇగో కాకా, ఇగ నువ్వే," అన్నాడు అజయ్. "చక్రాల చెక్క మీద దశరథం."

అది స్కేట్‌బోర్డు ఆట. చక్రాల చెక్క మీద నిలబడి పట్నం వీధుల్లో జారుతూ తిరగడమే అందులో పని. ఫోన్ నెట్‌తో దింపుకుంటుంటే సగంలో ఆగిపోవడం, మళ్లీ మొదలుపెట్టడం. చివరికి ఎట్లాగో కంప్యూటర్లోకి ఎక్కింది. అజయ్ రూములో పక్క మంచం వాడు. డిజైన్లు గీసే పని. రంగులు మార్చడం వాడికి చెయ్యి తిరిగిన విద్య.

దశరథానికి ఆటల సరదా ఏమీ లేదు. అవసరం పడింది.

పెళ్లాం మంజుల ఫోన్లో పట్టుబట్టింది. "పోయినప్పటి సంది ఒక్క ఫోటన్న పంపినవా? పక్కింటి రాజమణి నల్లా కాడ నీళ్లు పట్టంగ అందరి ముంగట అన్నది, మీ ఆయన దుబాయిల ఒంటెలు కాస్తుండచ్చు అని. ఫోటో పంపితె ఫ్లెక్సీ షాపుల చేపిచ్చిండంటరు. వీడియో పంపు. సడక్ మీద పోవుకుంట. నువ్వు కనవడాలె."

దశరథం దుబాయ్‌కి బయలుదేరిన రోజు కోరుట్లలో వాళ్ల వాడకట్టు మూల మీద ఫ్లెక్సీ కట్టారు. నల్ల కళ్లద్దాలతో ఆయన, వెనక విమానం. కింద శుభాకాంక్షలు చెప్పినవాళ్ల ముఖాలు వరసగా. అందులో రాజమణి మొగుడిది కూడా ఉంది. ఇప్పుడు ఆ ఫ్లెక్సీని మంజుల ఇంటి రేకుల మీద కప్పింది. వానకు బాగా ఆగుతోందట.

తానున్న చోటు చూపిద్దామంటే చూపించేది కాదు. పగలంతా చెవులు దిమ్మెక్కే చప్పుడులో పని. తర్వాత ఈ ఇరుకు రూము.

"దుకాన్ల మీద అరబ్బీ ఉండాలె గదా," అన్నాడు.

అజయ్ అటూ ఇటూ చూశాడు. మంచం కింద ఖాళీ ఖర్జూరం డబ్బా దొరికింది. దాని మీది అక్షరాలు ఫోన్‌తో ఫోటో తీసి, కత్తిరించి, ఆటలోని దుకాణాలన్నిటికీ అతికించాడు. చెట్లు తీసేసి ఖర్జూరం చెట్లు నాటాడు.

"గా చెక్క గూడ తియ్యి."

"తీస్తె ఆటనే నడవది కాకా."

చెక్కకు రోడ్డు రంగు పూశాడు. కనపడకుండా పోయింది.

ఇక ఆడాలి. దశరథం మొద్దు వేళ్లకు ఒక్క మీట నొక్కబోతే రెండు పడ్డాయి. తెర మీది దశరథం స్తంభానికి గుద్దుకున్నాడు. లేచాడు. మెట్ల మీంచి దొర్లాడు. మళ్లీ లేచి కారు కింద పడ్డాడు.

"దుబాయిల నువ్వు బతుకవు కాకా," అని అజయ్ కడుపు పట్టుకుని నవ్వాడు.

దశరథం నవ్వలేదు. చెమట తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. పడకుండా ఒక వీధి దాటిన ఆ కాసేపటిని అజయ్ ఫోన్‌లో తీశాడు. కొంచెం మసకగానే తీశాడు.

వీడియో చేరగానే మంజుల వాట్సాప్‌లో ఫోన్ చేసింది. "మంచిగున్నది. రాజమణి చూసి నోరు మూసుకున్నది. గని కాళ్లు కదపకుంట ఎట్ల పోతున్నవయ్యా?"

"ఇక్కడ రోడ్లే నడుస్తయి."

"అట్లనా," అంది మంజుల. "పోనీ, నీ మోకాళ్ల నొప్పికి మంచిదే."



మర్నాడు కూతురు అక్షిత ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"బాపు, అది గేమ్ కదా."

దశరథం లేచి రూము తలుపు మూశాడు.

"మా క్లాసు పోరగాళ్లు ఆడుతరు. దుకాన్ల మీద రాసింది నా దోస్తు సనావాళ్ల అబ్బా చదివిండు. ఆయన సౌదీల ఉండచ్చిండు కదా. అన్ని దుకాన్ల మీద ‘చల్లటి జాగల పెట్టుండ్రి’ అనే ఉన్నదట. నవ్విండు. ఎవ్వలకు చెప్పనన్నడు."

దశరథం చెవి కాలింది. ఫోన్ రెండో చెవికి మార్చాడు. అదీ కాలింది.

"అమ్మకు చెప్పినవా?"

"ఎట్ల చెప్పాలె? వాడకట్టంత తిరిగి చూపెడుతున్నది." గొంతు ఇంకా తగ్గించింది. "బాపు, నిజంగనే ఒంటెల కాడ ఉన్నవా? ఉంటె ఉన్నననే చెప్పు. నాకేం నామోషి లేదు. నాకు అబద్ధం చెప్తెనే ఏడుపస్తది."

దశరథం మూసిన కిటికీ వైపు చూశాడు. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"అవు బిడ్డా," అన్నాడు. "ఒంటెల కాడనే ఉన్న."

అవతల అక్షిత ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "గింతేనా. గిది చెప్పనీకి గింత తిప్పలు పడ్డవా? కరుస్తయా అవి?"

"కరువయ్. మంచియే."

"ఎండల తిరుగకు. గంత దూరం కెళ్లి ఊకె రాలేవు గని, దసరకన్న రా బాపు."

"చూస్త బిడ్డా."

ఫోన్ జేబులో పెట్టుకుని టీ కోసం కిందికి దిగిన దశరథం, ఎదురుగా ఉన్న సిరిసిల్ల బస్టాండులోంచి కోరుట్ల బస్సు వెళ్లిపోయేదాకా, ఎప్పటిలాగే తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.