పామ్ మొక్కకు తలస్నానం

ఆ ఏడు కాకినాడలో వాన తెరిపివ్వలేదు. అప్పటికి ఇంటింటా మొక్కల్ని చూసే మర ఉంది. ఆకు మీద మచ్చ కనిపిస్తే అదే పైవాళ్లకు చెప్పేస్తుంది. తెగులు పాకకుండా సాయంత్రం ఎగిరే బండి వచ్చి మొక్కను వేళ్లతో సహా ఎత్తుకుపోతుంది. వైద్యం చేసుకునే సందే ఇవ్వరు!

ఆ రోజు నూకరత్నం పామ్ మొక్క వంతు. ఆకుల నిండా గోధుమ మచ్చలు, చుట్టూ పసుపు అంచులు. ఆమె ఏడవలేదు, మచ్చల్నే చూస్తూ కూర్చుంది. పై ఆకులకే ఉన్నాయి, చాటునున్న వాటికి లేవు. ఎందుకని?

"ఏమే మరా, దీనికి నీళ్లెలా పోస్తున్నావు?"

"తల మీంచేనండి. రోజూ స్నానం చేయించమని మీ అత్తగారు చెప్పారండి."

అత్తగారు అప్పాయమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "పిల్లలాంటి దానికి కాళ్లొక్కటే కడుగుతారేటే ఎవరైనా?"

"వాన చాలక తలస్నానం కూడానా అత్తయ్యా? మరి తల తుడిచేదెవరు? ఆ తడారకే ఈ మచ్చలు!"

నూకరత్నం మచ్చలున్న ఆకులన్నీ కత్తిరించి సంచిలో కట్టేసింది. కుండీని గాలి తగిలే చూరు కిందికి లాగి, ఇకమీదట మొదలు దగ్గరే నీళ్లు పొయ్యమని మరకు చెప్పింది.

బండి వచ్చి మొక్క చుట్టూ తిరిగింది. మచ్చ దొరకలేదు.

"ఆకులేవి?" అంది.

"కోసేశాను. కొత్తవొస్తాయిలే, ఫో!"

బండి పక్కింటి వైపు మళ్లింది. నూకరత్నం కత్తెర కడుక్కుని, బండికంటే ముందే వెళ్లి ఆ ఇంటి తలుపు కొట్టింది.