తవిటమ్మ మడత కత్తి

గౌరీశ్వరి అత్తగారు చిట్టమ్మకి ఒకటే జబ్బు. ఇంట్లోవాళ్లని తప్ప లోకంలో అందర్నీ మెచ్చుకుంటుంది.

పాలవాడి పాలు చిక్కన. పక్కింటివాళ్ల పోపు కమ్మన. ఎదురు ఫ్లాటు కుక్క మొరుగుడులో కూడా ఆవిడకి మర్యాద వినిపిస్తుంది.

పన్నెండేళ్లుగా వండి పెడుతున్న కోడలికి మాత్రం "ఉప్పు సరిపోయిందే" అన్నదే పెద్ద సన్మానం.

అదంతా గౌరీశ్వరి సర్దుకుంది. తవిటమ్మ విషయంలోనే సర్దుకోలేకపోయింది.

తవిటమ్మ జాలరిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని, వారానికి నాలుగు రోజులు కంచరపాలెం వస్తుంది. గౌరీశ్వరి వాళ్ల అపార్ట్‌మెంటు వెనక మెట్ల మీద కూర్చుని చేపలు కోసిస్తుంది.

పక్కనే చిట్టమ్మ. ఇద్దరూ ఒకటే గుసగుసలు. గౌరీశ్వరి గుమ్మంలోకి రాగానే కుళాయి కట్టేసినట్టు ఆగిపోతాయి.

కోసిన గిన్నెలో పైన పెట్టిన రెండు ముక్కలూ అత్తగారివి. వాటిలో మచ్చుకైనా ముల్లుండదు.

మంచివి ఏరి పెడుతోందన్నమాట, ముసలావిణ్ణి బుట్టలో వేసుకోవడానికి!

"తవిటి సెయ్యి మంచిదే," అనేది చిట్టమ్మ భోంచేస్తూ.

"పులుసు పెట్టింది నేనత్తా."

"పెట్టేవులే."

ఓ రోజు గౌరీశ్వరి కంటబడింది. తవిటమ్మ చిన్న మడత కత్తిని కొంగుతో తుడిచి, మడిచి, నడుములో దోపుకుంటోంది. చేపలు కోసే పెద్ద కత్తేమో గంపలోనే ఉంది.

గౌరీశ్వరి మనసు గంతేసింది.

ఫోన్లో చట్టం వెతికింది. డిగ్రీ చదివిన మనిషి కదా, తనకి పనికొచ్చేంతవరకూ చదివి ఆపేసింది.

ఆమె ఫిర్యాదు పట్టుకెళ్లిన అపార్ట్‌మెంటు సెక్రటరీ గురునాథరావు రిటైరైన కోర్టు గుమాస్తా. తొమ్మిదేళ్ల తరవాత ఆయనకో కేసు దొరికింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ మెట్ల దగ్గరికొచ్చాడు.

"చూడమ్మా తవిటమ్మా, గంపలోది పనిముట్టు. దాన్నెవరూ ఏమనరు. నడుములోది బెత్తెడుంది. తొమ్మిది అంగుళాలు దాటితే వేరే మాటగానీ, దీనికి లైసెన్సు గొడవ లేదు. అయితే నలుగురిలో కత్తి దాచుకు తిరిగితే పోలీసులు ముందు అడిగేది ఒకటే. ఎందుకు? జవాబుంటే సరే. లేకపోతేనే చిక్కు. చెప్పు, ఎందుకు?"

"సేపలకే బాబూ."

"చేపలకి గంపలో ఉంది కదా," అంది గౌరీశ్వరి. "ఇదెందుకు?"

తవిటమ్మ చిట్టమ్మ వైపు చూసింది. చిట్టమ్మ తల దించుకుంది.

"సెప్పను బాబూ."

"చెప్పవా?" గురునాథరావు కళ్లజోడు సర్దుకున్నాడు. "స్టేషన్లో ఇలాగే అంటే కేసు రాస్తారు."

"రాసుకోమనండి. నాను సెప్పను."

మర్నాడు గేటుకి నోటీసు వేలాడింది: 'కత్తులతో లోపలికి రాకూడదు.'

తవిటమ్మకి చదువు రాదు. వాచ్‌మన్ చదివి వినిపించాడు. దించబోయిన గంప మళ్లీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు గౌరీశ్వరి స్వయంగా పూర్ణా మార్కెట్‌కి వెళ్లి కానాగంత చేపలు తెచ్చింది. పులుసు పెట్టి, అన్నిట్లోకీ పెద్ద ముక్కలు రెండు అత్తగారి కంచంలో వేసింది. ఇవాళ ఈ మెప్పు జాలరిపేటకి ఎలా పోతుందో చూద్దాం!

రెండో ముద్దకే చిట్టమ్మ గొంతు పట్టుకుంది.

మాట పెగల్లేదు. ఉమ్మితే నెత్తురు. ఆటోలో ఆస్పత్రిదాకా గౌరీశ్వరి ఆవిడ వీపు నిమురుతూనే ఉంది.

డాక్టరు ముల్లు తీసి ట్రేలో పడేశాడు.

"ఇంత ముల్లు కనబడలేదా పెద్దమ్మా? ఇవి ఎన్ని వేళ్లు?"

చిట్టమ్మ ఆ వేళ్ల కోసం గాలిలో తడిమింది.

డాక్టరు గౌరీశ్వరి వైపు తిరిగాడు. "చూపు ఇంత తగ్గిపోయింది. ఇంట్లో ఎవరికీ తెలీదా?"

డాక్టరు వెళ్లాక గౌరీశ్వరి అడిగింది.

"ఎన్నాళ్లయింది అత్తా?"

"రెండేళ్లు." చిట్టమ్మ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. "తవిటి ఒక్కర్తే కనిపెట్టీసినాది. ఆ బుల్లి కత్తి నా కోసమే కొనుక్కున్నాది. నా ముక్కల్ని సీల్చి ముళ్లన్నీ తీసీది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"సెప్తే నువ్వూరుకుంటావేటి? నాను లెగిస్తే లెగుస్తావు, కూకుంటే కూకుంటావు. ఇప్పటికే నీకు నడుం వాల్చడానికి తీరికుండదు. ఇంట్లో ఎవరికీ సెప్పనని దాని సేత ఒట్టేయించుకున్నాను."

"మరి గురునాథరావు గారు కేసన్నప్పుడైనా..."

"నాను నోరు విప్పలేకపోయినాను. అది విప్పనేదు."

మర్నాడు గౌరీశ్వరి వెతుక్కుంటూ జాలరిపేట వెళ్లింది. తవిటమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి పోతమ్మ అరుగు మీద ఎండు చేపలు తిరగేస్తోంది.

"తవిటమ్మా? ఒరిస్సాలో పారాదీప్ ఎల్పోనాది. ఆడ కొడుకు బోటు మీద పని సేత్తన్నాడు. గుమ్మం గుమ్మం తిరిగితే కేసులెడతన్నారు, ఇంక ఈ ఊళ్లో గంప ఎత్తనన్నాది."

"ఎప్పుడొస్తుంది?"

"ఇంక రాదనే అన్నాదమ్మా. ఇంతకీ నువ్వెవరివి?"

గౌరీశ్వరి ఆ తాళం వైపే చూస్తూ నిలబడింది.

"ఆవిణ్ణి చూసి కుళ్లుకున్నదాన్ని," అంది. "తప్పు నాదేనమ్మా. నాకు చాకిరీ పెరగకూడదని రెండేళ్లు మా అత్తకి కళ్లయిన మనిషిని, నేనే గేటు బయటికి పంపించేశాను."