పైడమ్మ సెలవు చీటీ

పదిమంది పిల్లలు లేని బడికి గోడమీదుండి హాజరు వేసే కెమెరా కన్ను తనే తాళం వేసేస్తుంది. ఈ సోమవారం మా బడిలో లెక్క తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. పంతులమ్మనైన నేను ఉసూరుమంటూ బల్ల సర్దుకుంటుంటే, పిల్లలకు వండిపెట్టే పైడమ్మ గరిటెతో గుమ్మంలోకి వచ్చింది.

"ఎన్ని గుడ్లు ఉడకెట్టమంటారు, టీచరమ్మా?"

కన్ను ఆమెకేసి తిరిగింది. బడి పాత గ్రూపు ఫొటోలన్నీ వెతుక్కుని, "పైడమ్మ, రెండో తరగతి. యాభై ఎనిమిదేళ్లుగా బడికి రావడం లేదు. సెలవు చీటీ ఏదీ?" అని గద్దించింది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. పదో పేరు దొరికిన సంబరంలో నేను గబగబా కాగితం తీసి, అందరూ రాసే కారణమే రాయబోయాను. జ్వరం.

"యాభై ఎనిమిదేళ్ల జొరమా? అంత జొరమొస్తే నేను బతుకుదునా?" పైడమ్మ కాగితానికి గరిటె అడ్డం పెట్టింది. "నిజమే రాయండి. తమ్ముణ్ణి ఎత్తుకోడానికి మానీసినాను."

అలాగే రాసి చూపించాను. కన్ను కాసేపు మిణుకుమిణుకుమంది.

"సెలవు మంజూరైంది. ఇక తమ్ముణ్ణి దించి, వచ్చి కూర్చో."

పైడమ్మ తనకు తెలియకుండానే ఖాళీ చంక తడుముకుంది.

"అయితే పది గుడ్లు ఉడకెడతాను," అంది.